డిజైన్ ఖరారయ్యేలోపు సెకండ్ లైఫ్‌లో కట్టి చూపిస్తే ఉపయోగం ఉంటుందా?

ప్రశ్న:
రెండంతస్తుల లైబ్రరీ ప్లాను మీద పనిచేస్తున్నానండి. డ్రాయింగులు చూపిస్తే అందరూ తలూపుతారు, కానీ ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదని వాళ్ల మొహాలు చూస్తేనే తెలిసిపోతోంది. సెకండ్ లైఫ్ లాంటి వర్చువల్ ప్రపంచంలో మొత్తం కట్టేసి, రేపు వాడబోయేవాళ్లనే లోపల తిరగమంటే? వాళ్లు చెప్పేది ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు 1:
తప్పకుండా చేయండి. ఎత్తులూ వెడల్పుల గురించి వాళ్లు అనేది మాత్రం పట్టించుకోకండి. సెకండ్ లైఫ్‌లో మనకు దృశ్యం చూపించే కెమెరా అవతార్ (అక్కడ మన తరఫున తిరిగే బొమ్మ) వెనకాల, తలకు కాస్త పైన ఉంటుంది. మూడు మీటర్ల ఎత్తు గదిలోకి అడుగుపెడితే ఆ కెమెరా వెళ్లి స్లాబుకో గోడకో తగులుకుంటుంది. అవతార్లూ చాలావరకు రెండు మీటర్లు దాటే ఉంటాయి. అందుకే అక్కడ కట్టేవాళ్లు గదుల్ని బాగా పెంచి కడతారు. మీ కొలతలు ఉన్నవున్నట్టు పెడితే ఇరుకంటారు, అది మీ బిల్డింగ్ తప్పు కాదు.

నేను చూసేది వాళ్ల నడక. ఒక క్లినిక్ ప్లాను ఇలాగే పెట్టినప్పుడు, వచ్చినవాళ్లు వచ్చినట్టే రిజిస్ట్రేషన్ కౌంటర్ దాటేసి మెట్ల దాకా వెళ్లిపోయారు. గుమ్మంలో నిలబడి చూస్తే ఒక స్తంభం కౌంటర్‌కి సరిగ్గా అడ్డం. స్తంభాన్ని కదపలేం కదా, కౌంటర్‌నే ఎడమ గోడ వైపు మార్చాం. "ఎలా ఉంది?" అనడిగితే మాత్రం అందరూ బాగుందనే అన్నారు! అందుకే అడగకండి, పని చెప్పండి: ఫలానా పుస్తకం వెతికి తెమ్మనండి. ల్యాండింగ్ పాయింట్, అంటే వచ్చినవాళ్లు మొదట ప్రత్యక్షమయ్యే చోటు, గుమ్మం బయట పెట్టి, ఎగిరే సౌకర్యం ఆపేయండి. లేకపోతే మెట్ల మొహం ఎవరూ చూడరు.

జవాబు 2:
స్టార్‌వుడ్ అనే హోటళ్ల కంపెనీ వాళ్లు అలాఫ్ట్ హోటల్‌ని 2006లోనే సెకండ్ లైఫ్‌లో కట్టి జనం అభిప్రాయాలు తీసుకున్నారు, అసలు హోటల్ 2008లో తెరిచారు. ఐక్యరాజ్యసమితిలో నగరాల పని చూసే హ్యాబిటాట్, మైన్‌క్రాఫ్ట్ ఆట తయారుచేసిన మొజాంగ్ కలిసి 2012లో మొదలుపెట్టిన బ్లాక్ బై బ్లాక్ కార్యక్రమంలోనైతే పార్కుల్లాంటి స్థలాలను అక్కడి జనమే ఆ దిమ్మలు పేర్చే ఆటలో గీస్తారు. కెన్యా రాజధాని నైరోబీలోని కిబేరా మురికివాడలో అలాగే చేశారు. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక్కో దిమ్మ మీటరు. రెయిలింగ్ డిజైన్ లాంటి చిన్నవాటి మీద వాదించే వీలే లేదు, మాటంతా దారి ఎటు, దీపాలెక్కడ అన్నదాని మీదే నడుస్తుంది. నాకు అదే నచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
సెకండ్ లైఫ్‌లోని మౌస్‌లుక్ అనే పద్ధతిలో పెట్టి, అవతార్ కళ్లతోనే చూడమంటే కొలతలు తెలుస్తాయా?

జవాబు 1:
కొంత నయం. అయినా తెరలో పక్కలు కనిపించవు కాబట్టి నడవాలు అసలుకన్నా సన్నగా అనిపిస్తాయి. కళ్లకు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టినా దూరాల్ని తక్కువగానే అంచనా వేస్తారు. కొలతలు తేల్చాలంటే ఖాళీ హాల్లో నేల మీద సుద్దతో గీసి నడిపించండి.

ఇంకొకటి. అవతార్‌కి మోకాళ్ల నొప్పులుండవు, ర్యాంపు ఎంత ఏటవాలుగా ఉన్నా గబగబా ఎక్కేస్తుంది. పెద్దవాళ్లనీ, వీల్‌చెయిర్ వాడేవాళ్లనీ మీరే పిలిచి, పక్కన కూర్చుని, కీబోర్డు మీరు పట్టుకోండి. "ఇక్కడ ఆగు" అని వాళ్లు ఎక్కడ అంటారో అది రాసుకోండి.