‘ట్రెజర్ ఐలండ్’కి మూలపాఠం ఏది తీసుకోవాలి?

అడయారు పాఠకుడు
చెన్నైలో మేం కొందరం కలిసి స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలండ్’ని వివరణలతో సహా తెలుగులోకి తెస్తున్నాం. చిక్కంతా ఇంగ్లీషు మూలం దగ్గరే వచ్చింది. నెట్‌లో దొరికే పాఠాలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. పత్రికలో వచ్చిన సీరియలే అసలుదని ఒకరు, రచయిత బతికుండగా మొదలైన ఆఖరి సంపుటాలే ప్రమాణమని మరొకరు. అన్నిట్లోంచీ మంచివి ఏరుకుంటే సరిపోదా అని ఇంకో మాట. ఏది సబబు? పాఠభేదాలు ఎంతవరకు చూపించాలి?

ప్రతిశోధన
ఏరుకోవడం మాత్రం వద్దండీ. స్టీవెన్సన్ ఎన్నడూ రాయని పుస్తకం ఒకటి తయారవుతుంది.

1883 నవంబరులో కాసెల్ వాళ్లు వేసిన మొదటి పుస్తకాన్ని ఆధారంగా పెట్టుకోండి. సీరియల్ 1881 అక్టోబరు నుంచి 1882 జనవరి దాకా ‘యంగ్ ఫోక్స్’ అనే పిల్లల పత్రికలో ‘కెప్టెన్ జార్జ్ నార్త్’ అనే మారుపేరుతో వచ్చింది. పుస్తకానికి ఇచ్చేటప్పుడు స్టీవెన్సనే దాన్ని సరిదిద్దాడు. కాబట్టి సీరియల్ పాతదే గానీ, ఆయన దాటి వచ్చిన పాఠం. ఆఖరి సంపుటాలంటే 1894లో మొదలైన ఎడింబరో ఎడిషన్ అనుకుంటాను. అప్పుడు ఆయన సమోవాలో ఉన్నాడు, లండన్‌లో పని నడిపింది ఆయన స్నేహితుడు సిడ్నీ కోల్విన్. ఆ డిసెంబరు 3నే స్టీవెన్సన్ పోయాడు. అందులో కనబడే మార్పు ఆయనదా, కోల్విన్‌దా, కంపోజిటర్‌దా అన్నది ఒక్కోచోటా విడిగా తేల్చుకోవాలి. తర్వాత వచ్చింది కాబట్టి సరైనది అనుకుంటే కుదరదు.

అలాగని మొదటి పుస్తకమే ఎప్పుడూ ప్రమాణమని సూత్రం కట్టకండి. ఆయనదే ‘ది బీచ్ ఆఫ్ ఫలేసా’ చూడండి. అందులో తెల్ల వర్తకుడు దీవి అమ్మాయిని ఒక దొంగ పెళ్లి కాగితంతో చేసుకుంటాడు. రాతప్రతిలో ఆ కాగితం గడువు ఒక్క రాత్రి. 1892లో పత్రిక ఆ కాగితాన్నే ఎత్తేసింది, 1893 పుస్తకంలో అది ఒక వారమైంది. 1984లో బారీ మెనికాఫ్ రాతప్రతి పాఠాన్ని అచ్చువేశాక గానీ జనానికి అసలు కథ తెలియలేదు. అక్కడ మార్పు ప్రచురణకర్తల బిడియం వల్ల వచ్చింది, ఇక్కడ రచయిత చేత్తో వచ్చింది. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నదాన్ని బట్టే ఆధారప్రతి.

ప్రూఫుల పంతులు
పైవారి మాటకు ఒప్పుకుంటూ పని సంగతి చెబుతాను.

నెట్ పాఠాన్ని దిద్దుకుంటూ పోవద్దు. అది ఏ ముద్రణ నుంచి ఎక్కించారో చాలాచోట్ల ఉండదు. 1883 పుస్తకం స్కాన్ తీసుకోండి. పేరుపేజీ మీద ఏడాది చూడండి, కాసెల్ పేరుంటే చాలదు. ఇద్దరు విడివిడిగా టైపు చేసి, రెండు ఫైళ్లనూ కొలేటెక్స్‌లో (పాఠాలను పోల్చి తేడాలు చూపే సాఫ్ట్‌వేర్) పోల్చండి. ఇద్దరూ ఒకేచోట ఒకే తప్పు చేయడం అరుదు కాబట్టి తేడా వచ్చిన చోటే స్కాన్ తిరగేస్తే చాలు. ఓసీఆర్‌తో (స్కాన్ బొమ్మలోని అక్షరాలను యంత్రమే చదివే పద్ధతి) రెండు ప్రతులు తీస్తే ఈ లాభం పోతుంది, రెండూ ఒకే అక్షరం దగ్గర తడబడతాయి.

స్పెల్‌చెక్ ఆపేయండి. కథలోని ఓడదొంగ సిల్వర్ నోట ‘డ్యూటీ’ని ‘డూటీ’ అనే అచ్చువేశారు. అది తప్పు కాదు, ఓడవాళ్ల యాస. యంత్రం చప్పుడు లేకుండా దిద్దేస్తుంది.

పంక్తి చివర విరిగిన జంటపదాలకు వేరే పట్టిక పెట్టండి: ఆ హైఫన్ మాటదా, చోటు చాలక వచ్చిందా? అదే మాట పంక్తి మధ్యలో ఎలా వచ్చిందో చూస్తే తేలుతుంది.

పాఠభేదాల్లో అర్థం మారేవే పేజీ కింద ఇవ్వండి. కామాల తేడాలు తెలుగు పాఠకుడికి అక్కర్లేదు, మీ దస్త్రంలో ఉంటే చాలు.

అడయారు పాఠకుడు
చాలా థాంక్సండీ. పుస్తకంలో వేసిన దీవి పటంతో పొసగని వర్ణనలు కొన్ని ఉన్నాయి. పటం చూసి కథే పుట్టిందంటారు కదా, పటాన్ని బట్టి దిద్దవచ్చా?

ప్రతిశోధన
వద్దు. కథను పుట్టించిన పటం వేరు, అచ్చయిన పటం వేరు. మొదటిది కాసెల్‌కి పంపితే దారిలో పోయింది. స్టీవెన్సన్ మళ్లీ పుస్తకమంతా చదివి, అందులోని గుర్తులన్నీ పోగేసి వాళ్ల నాన్న ఆఫీసులో కొత్తది గీయించాడు. ఈ సంగతి ఆయనే 1894 నాటి వ్యాసంలో రాశాడు. అంటే ఈ పటం పాఠం నుంచి పుట్టింది, పాఠాన్ని దిద్దే అర్హత దానికి లేదు. పొసగని చోట నోటు రాసి వదిలేయండి.

తేదీలూ అంతే. కథ మొదట్లో ‘17—’ అని గీత పెట్టి వదిలాడు. కథలోని ముసలి నావికుడు బిల్లీ బోన్స్ లెక్కల పుస్తకంలో 1745 ఉంది, పటం మీద 1754 ఉంది. వాటిని చూపించండి, గీతను మాత్రం పూరించకండి.

ప్రూఫుల పంతులు
ఇంకొకటి. నోట్లను పేజీ సంఖ్యతో ముడిపెట్టకండి, అధ్యాయం-పేరా సంఖ్య ఇవ్వండి. 34 అధ్యాయాలే కాబట్టి కష్టం కాదు. అనువాదం పేజీలు మూలం పేజీలతో ఎలాగూ కలవవు, ఫాంటు సైజు మారిస్తే మీవే మారిపోతాయి. ప్రెస్సువాళ్లు యూనికోడ్ నుంచి అను ఫాంటులోకి (యూనికోడ్ కాని డీటీపీ ఫాంటు) మారుస్తామంటే, మార్చాక నోటు అంకెలు, కోట్ గుర్తులు, పొడుగు గీతలు మళ్లీ మొదట్నుంచి చూడండి. ముందు చెడేవి అవే, ఆ ‘17—’తో సహా.