సమస్యాపూరణం: గాలి తీయ బండి గట్టిపడును

నిర్వాహకులు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

*"గాలి తీయ బండి గట్టిపడును"*

బండి అంటే ఇక్కడ కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్. గాలి టైరుది కావచ్చు, ఫోర్కుది (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపు మింగే జంట కాళ్లు) కావచ్చు, వెనుక షాక్‌ది (వెనుక చక్రం కుదుపు మింగేది) కావచ్చు. గాలి తీస్తే మెత్తబడాలి గాని గట్టిపడటమేమిటన్నదే చిక్కు. ఛందస్సుతో పాటు కొలతనూ చూస్తాం. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షర మైత్రి) కుదిరి పీఎస్ఐ (గాలి పీడనం కొలత) తప్పితే ఆ పూరణ నిలవదు.

మొరంబాట:

రాతి బాట మీద రబ్బరు బంతియై
దుమికి దుమికి టైరు తొలగి పోవు;
కొలిచి పీడనమ్ము కొంచెము తగ్గించి
గాలి తీయ బండి గట్టిపడును.

నిర్వాహకులు: మొరంబాట గారూ, నిర్దోషంగా ఉంది. దు–తొ వర్గయతి (ఒకే వర్గపు అక్షరాల మైత్రి) చక్కగా పడింది. "కొంచెము" అన్న మాటే ఈ పద్యానికి ప్రాణం. 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకు, 75 కిలోల మనిషికి ముందు 21–22, వెనుక 24–25 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క పీఎస్ఐ చొప్పునే దించాలి. మరీ దించితే మలుపులో టైరు పక్కకు ఒరిగి అంచు దగ్గర గాలి వదిలేస్తుంది, రాయి నేరుగా రిమ్‌కు తగులుతుంది. లోపల ట్యూబ్ ఉంటే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువే ఉంచండి. లేకపోతే రాయికీ రిమ్‌కూ నడుమ ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి.

గిరిచక్రి:

సంచి తోడ నెక్కి సాగును కొలువగా
నూటికి ఇరువదికి నూలుపోగు
చాలకున్న వాల్వు జార్చుచు మెల్లగా
గాలి తీయ బండి గట్టిపడును.

నిర్వాహకులు: "సాగు" అన్న ప్రయోగం బాగా నచ్చింది. మనిషి బరువుకు ఫోర్కు, షాక్ కుంగే మేరకు మెకానిక్‌లు వాడే "సాగ్" అనే మాట మన "సాగు"లో ఒదిగిపోయింది. అయితే రెండో పాదం మొదటి గణం "నూటికి" భగణమైంది (గురువు, రెండు లఘువులు). అక్కడ సూర్యగణం (గలం లేదా నగణం) రావాలి. "నూటికి ఇరువది" విసంధి (సంధి చేయాల్సిన చోట చేయకపోవడం) కూడా. సవరించండి.

గిరిచక్రి: "నూట నిరువదికిని నూలుపోగు" అంటే సరిపోతుందా?

నిర్వాహకులు: సరిపోయింది. ఛందస్సు దోషం పోయింది.

షాక్‌పంపు: కొలతలో దోషం మాత్రం మిగిలే ఉంది గిరిచక్రి గారూ. ఫోర్కుకు సాగ్ నూటికి 15 నుంచి 20 దాకా ఉండవచ్చు. 140 మిల్లీమీటర్లు కదిలే ఫోర్కులో అది 21–28 మిల్లీమీటర్లు. 26 వచ్చినవారు నూలుపోగు కోసం వాల్వు ముట్టుకోనక్కర్లేదు. వెనుక షాక్‌కు 25–30 కావాలి, దాన్ని చక్రం కదలిక మీద కాక షాక్ కడ్డీ మీదే కొలవాలి. 55 మిల్లీమీటర్ల స్ట్రోక్‌కు (కడ్డీ కదిలే మొత్తం దూరం) 30 శాతం అంటే 16.5.

"సంచి తోడ" అన్నది బంగారం లాంటి మాట. హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచి అన్నీ ఉండాలి. లాకౌట్ (కుంగకుండా బిగించే మీట) తెరిచి, ఒకరు హ్యాండిల్ పట్టుకోగా పెడళ్ల మీద నిలబడి కొండ దిగే భంగిమలోకి రావాలి. ఫోర్కు కాలి మీది రబ్బరు ఉంగరాన్ని సీలు (కాలు లోపలికి దూరే చోటి అంచు) దాకా నెట్టి, కుదుపు లేకుండా బండి దిగి కొలవాలి. గాలిని 5 పీఎస్ఐ చొప్పున తీస్తూ ప్రతిసారీ ఫోర్కును ఐదారుసార్లు నెమ్మదిగా నొక్కండి. లేదంటే నెగటివ్ గదిలో (ఫోర్కును లోపలికి లాగే గాలి ఉండే గది) పీడనం ఎక్కువగా మిగిలి ఫోర్కు కొంత కుంగే ఉండిపోతుంది. పంపు విప్పేటప్పుడు వినిపించే "సుస్" శబ్దం గొట్టంలోని గాలిదే, కంగారుపడి మళ్లీ ఎక్కించకండి.

షాక్‌పంపు: నా పూరణ (టోకెన్ అంటే ఫోర్కు గాలి గదిలో చోటు తగ్గించే చిన్న ముక్క):

అడుగు తాకు ఫోర్కు కడుపులో నొకటియో
రెండొ టోకెనులను రీతి నుంచ
మూత విప్పు ముందు మొత్తము తొలగించి
గాలి తీయ బండి గట్టిపడును.

మొరంబాట: మొదటి పాదంలో అడు–కడు ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) బాగుంది. మూడోదానిలో "తొలగించి", "తీయ" రెండూ ఒకటే పని, పునరుక్తి. "మొత్తము ఖాళీగ" అని చూడండి, గణాలూ యతీ చెడవు. భావం మాత్రం సమస్యకు అచ్చంగా అతికింది. టోకెన్ వేస్తే గాలి గది చిన్నదై, సాగ్ దాదాపు మారకుండానే స్ట్రోక్ చివర బిగుస్తుంది. గాలి ఉండగా మూత విప్పితే అది ఎగిరి ముఖానికి తగిలే ప్రమాదం ఉంది కనుక "మొత్తము" అన్నది అలంకారం కాదు, హెచ్చరిక.

షాక్‌పంపు: ఒప్పుకున్నాను. "ఖాళీగ" అనే ఉంచుతున్నాను. ఒక్కొక్క టోకెనే వేసి బాటలో చూడాలని వచనంలోనైనా చెప్పాలి.

లోతుగుంట: "గట్టిపడు" అన్నదాన్ని అందరూ మంచిగానే తీసుకున్నారు. చెడ్డగా:

మరల లేచు వేగ మరయక తిప్పక
కుంగి కుంగి ఫోర్కు కూరుకొనును;
రాళ్ల వరుస మీద రగులును చేతులు
గాలి తీయ బండి గట్టిపడును.

నిర్వాహకులు: ఈ వారం నన్ను ఆపిన పద్యం ఇదే. గాలి తగ్గితే స్ప్రింగ్ బలం తగ్గుతుంది. రీబౌండ్ (కుంగిన ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే అమరిక) పాత చోటే ఉంటే ఫోర్కు లేచేది ఆలస్యమవుతుంది. మొదటి రాయి దెబ్బ నుంచి లేవకముందే రెండోది, మూడోది తగిలి ఫోర్కు లోపలే కూరుకుపోతుంది. మిగిలిన కొద్ది కదలికలో అది చెక్కలా ఉంటుంది. అప్పుడు చాలామంది "ఇంకా గట్టిగానే ఉంది" అనుకుని ఇంకా గాలి తీస్తారు! తీయాల్సింది గాలి కాదు, రీబౌండ్ నాబ్‌ను ఒకటి రెండు క్లిక్కులు తెరవాలి. క్లిక్కులను పూర్తిగా మూసిన చోటు నుంచి లెక్కించి రాసిపెట్టుకోండి. మరీ తెరిస్తే చక్రం నేలను వదిలి గంతులేస్తుంది. "కూరుకొనును" కన్నా సరైన తెలుగు మాట ఈ దోషానికి నాకు తోచడం లేదు.

సీటుబోల్టు: గాలి అంటే గాలికబురు:

మడమ పెడలు మీద నిడి కాలు చాపుచు
సీటు నెత్తవలయు చేటు లేక;
మంది చెప్పినట్టి మాటల పోగైన
గాలి తీయ బండి గట్టిపడును.

లోతుగుంట: శ్లేష పండింది. మడమతో కాలు తిన్నగా చాపితే, పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. ఇది మొదటి కొలతే. సీటును పట్టాల మీద ముందుకు జరిపితే పెడల్‌కు దూరం తగ్గుతుంది, అందుకు తగ్గట్టు ఒకింత ఎత్తాలి. వెనుక షాక్ కుంగినప్పుడు సీటు ముక్కు లేస్తుంది కాబట్టి సమతలాన్ని మనిషి ఎక్కాకే చూడాలి. బ్రేక్ లీవర్లు మణికట్టు వంగని కోణంలో ఉండాలి.

గిరిచక్రి: అలాగైతే సీటుబోల్టు గారి పద్యం నా పద్యానికి ముందు రావాలి. సీటు, హ్యాండిల్ మారితే బరువు ముందుకో వెనక్కో జరిగి సాగ్ కొలత మారిపోతుంది.

నిర్వాహకులు: అదే వరుసలో కూరుస్తాను: సీటుబోల్టు, మొరంబాట, గిరిచక్రి, షాక్‌పంపు, లోతుగుంట. తేటగీతిలో ప్రయత్నించేవారికి ఆదివారం దాకా గడువు.