షుగర్ పుండుకు నీలి కాంతి పనిచేస్తుందా?

ప్రశ్న (హన్మకొండ): మా బాపు కాలి వేలి మీది షుగర్ పుండు యాంటీబయాటిక్ మాత్రలు వాడుతున్నా మానడం లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే నీలి కాంతి దీపం ఇంట్లో పట్టవచ్చునా?

జవాబు 1: సుమారు 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల నీలి కాంతి తగలగానే బ్యాక్టీరియాలో ఉండే, కాంతిని పీల్చుకునే పార్ఫిరిన్లు అనే పదార్థాలు ఉత్తేజితమై, వాటి నుంచి పుట్టే చురుకైన ఆక్సిజన్ ఆ బ్యాక్టీరియానే దెబ్బతీస్తుంది. అయితే ఈ కాంతి చర్మంలో ఒక మిల్లీమీటరు దాటి పెద్దగా దిగదు కనుక, లోపల చీము పట్టిన పుండుకు దీపం ఒక్కటే చాలదు.

జవాబు 2: చర్మక్షయకు కాంతి చికిత్స చేసినందుకే డెన్మార్క్ వైద్యుడు ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ వచ్చింది, కాబట్టి ఇది గాలి మాట కాదు. కానీ గదులను శుద్ధి చేసే 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపాన్ని మాత్రం ఒంటిపై పట్టకండి. చర్మం, కళ్లు రెండూ దెబ్బతింటాయి.

ప్రశ్నించినవారు: వేలి కొస నల్లబడుతోంది.

జవాబు 1: అయితే దీపం మాట వదిలి, ఈరోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో శస్త్రచికిత్స వైద్యులకు చూపించండి.