నమ్మకు మగసాలివాని... మగసాలా, మొగసాలా, అగసాలా?

గోదావరి గట్టు:
మా చదువరుల బృందంలో ఈ నెల నానావతి కేసు మీద వచ్చిన పుస్తకం పెట్టుకున్నాం. 1959 బొంబాయి, నేవీ కమాండరు నానావతి, ఇంగ్లీషు భార్య సిల్వియా, ఆమెతో సంబంధం పెట్టుకున్న స్నేహితుడు ప్రేమ్ ఆహుజా, అతని మీద కమాండరు పేల్చిన మూడు తూటాలు. చాలామందికి తెలిసిందే కాబట్టి కథ మళ్ళీ చెప్పను. చర్చ మాత్రం ఘాటుగా నడిచింది. సగంమంది "స్నేహితుడికి ద్రోహం చేసినవాడికి ఆ శాస్తి జరగాల్సిందే" అన్నారు. మిగతా సగం "భార్యాపిల్లల్ని మెట్రో సినిమాహాలు దగ్గర దింపి, ఓడకు వెళ్ళి రివాల్వరు తీసుకుని, మనిషిని వెతుక్కుంటూ తిరిగినవాడిది ఆవేశం ఎలా అవుతుంది" అని. మధ్యలో ఒక పెద్దాయన, ఎవరిని నమ్మకూడదో మనవాళ్ళు ఎప్పుడో చెప్పారని పద్యం ఎత్తుకుని రెండో పాదంలో ఆగిపోయారు. నాకూ అక్కడే ఆగింది. "నమ్మకు సుంకరి జూదరి, నమ్మకు ...సాలవాని నటు వెలయాలిన్". ఆ ఖాళీలో ఏముంది? నిజానికి నా అసలు సందేహం అది కూడా కాదు. ఆ జాబితాలో స్నేహితుడు ఉన్నాడా? "చెలికాని" అనే మాట అందులో ఉన్నట్టు ఎందుకో చెవిలో మోగుతోంది.

కందగర్భం:
సుమతి పద్యమే.

నమ్మకు సుంకరి జూదరి
నమ్మకు మగసాలివాని నటు వెలయాలిన్
నమ్మకు మంగడివానిని
నమ్మకుమీ వామహస్తు నవనిని సుమతీ

చెలికాడు లేడు. "చెలికా" సగణమే కాబట్టి ఛందస్సు అడ్డు చెప్పదు గానీ నేనైతే ఎక్కడా చూడలేదు.

తాళపత్రం:
"మగసాలి" కాదు బాబూ, "మొగసాలవాని". మొగసాల అంటే ముఖశాల, ఇంటి ముందరి సావడి. అక్కడ కూర్చునేవాడు ద్వారపాలకుడు. రాజుగారి దర్శనం కావాలంటే ముందు వాడి చెయ్యి తడపాలి. పన్ను వసూలు చేసే సుంకరి పక్కన కూర్చోడానికి వాడికంటే తగినవాడు ఎవడు? మా చిన్నప్పుడు బడిలో అలాగే వల్లె వేయించారు.

కందగర్భం:
మాస్టారూ, బడిలో వల్లె వేయించినవన్నీ పాఠాలైతే ఇక పరిష్కర్తలకి పనేముంది. మూడో పాదం చూడండి. "మంగడివాడు" అనే మాట తెలుగులో లేదు. అది నమ్మకుము + అంగడివాని. మూడో పాదంలో ఉత్వసంధి చేసిన కవి రెండో పాదంలోనూ అదే చేశాడు, నమ్మకుము + అగసాలివాని. అగసాలి అంటే కంసాలి. వినేవాళ్ళకి "మగసాలి" అర్థం కాక "మొగసాల" చేసేశారు. మ మీద ఒక ఒత్వం, ల మీద ఒక గుడి, అంతే తేడా. రెండూ గణాలకి సరిపోవడమే ఇక్కడ చిక్కు, లేకపోతే ఈపాటికి తేలిపోయేది.

బళ్ళారి వాసి:
కన్నడంలో కంసాలిని అక్కసాలి, అక్కసాలిగ అనే అంటారు. మా వీధిలో ఇప్పటికీ వినిపించే మాట. అగసాలికి నా ఓటు.

పోచంపల్లి:
అన్నా, నేను ఇన్నేండ్లు దీన్ని "మగ సాలెవాడు" అనుకున్న. అంటే నేతపని చేసే మొగాయన. మా ఇంట్ల అందరం మగ్గం మీద బతికినోళ్ళమే. సాలెవాడు ఏం మోసం చేసిండని ఈ కవి ఇట్ల రాసిండని చిన్నప్పటిసంది కోపం ఉండె. ఇప్పుడు కంసాలి మీదికి పోయిందంటే మాకు నయమే గాని వాళ్ళు ఊకుంటరా?

తాళపత్రం:
ఊరుకోరు. ఊరుకోనక్కర్లేదు కూడా. అందుకే మొగసాల అంటున్నాను. ఉద్యోగాన్ని తిడితే కులాన్ని తిట్టినట్టు కాదు.

కందగర్భం:
మనకి నచ్చే అర్థం వేరు, కవి రాసిన అక్షరం వేరు. బంగారంలో రాగి కలపడం గురించి లోకంలో ఉన్న సామెతలన్నీ చెరిపేస్తామా?

ఎడమచేతి రాత:
కంసాలి గురించి ఇంత బాధపడుతున్నారు, నాలుగో పాదంలో నన్ను నిలువునా ముంచారు, ఒక్కరూ మాట్లాడరే. వామహస్తుణ్ణి నమ్మకూడదట. నేను పుట్టినప్పటినుంచీ ఎడమచేత్తోనే రాస్తున్నాను, అన్నం మాత్రం అమ్మమ్మ భయానికి కుడిచేత్తో. నా వాదన ఏమిటంటే, వామహస్తుడు అంటే ఎడమచేతివాటం మనిషి కాదు. వామం అంటే వక్రం అనే అర్థం ఉంది కదా. "చేతివాటం" అంటే మనకి ఇప్పటికీ చిల్లర దొంగతనమే. కాబట్టి వామహస్తుడు అంటే చెయ్యి వంకరైనవాడు, అంటే దొంగ. జాబితా అంతా డబ్బు చుట్టూ తిరిగేవాళ్ళే, దొంగతో ముగిస్తే అందంగా ఉంటుంది.

కందగర్భం:
అందంగానే ఉంది. దొంగని నమ్మొద్దని చెప్పడానికి పద్యం ఎందుకు అన్నదొక్కటే ప్రశ్న.

ఎడమచేతి రాత:
జూదరిని నమ్మొద్దని చెప్పడానికి కావాల్సి వచ్చింది కదా మరి.

ప్లీడరు గుమాస్తా:
పుస్తకం సంగతి పూర్తిగా వదిలేశారు. ఆ కేసులో మన తెలుగువాళ్ళు మర్చిపోకూడని మనిషి ఒకరున్నారు. జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఆ నిర్ణయం ఒప్పుకోకుండా హైకోర్టుకి నివేదించారు. హైకోర్టు యావజ్జీవం వేసింది. సుప్రీంకోర్టు 1961 నవంబరు 24న దాన్ని ఖాయం చేసింది, ఆ తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టినాయన, ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి. ఆవేశం అనే వాదనకి ఆయన సమాధానం గడియారం. ఒంటిగంటన్నరకి ఇల్లు వదిలాడు, నాలుగూ ఇరవైకి హత్య, మధ్యలో దాదాపు మూడు గంటలు, నిగ్రహం తెచ్చుకోడానికి ఆ వ్యవధి చాలు. ఆ మూడు గంటల్లో చేసిన పనులు చూడండి, సినిమాహాలు, ఓడ, ఆహుజా ఆఫీసు, ఆ తర్వాత ఇల్లు. అన్నీ వరసగా. ఇంకా, స్నానం చేసి తువ్వాలుతో ఉన్న మనిషితో పెనుగులాటలో తుపాకి పేలిందన్నారు, ఆ తువ్వాలు శవం ఒంటిమీద అలాగే ఉంది. మీ బృందంలో "తగిన శాస్తి" అన్నవాళ్ళు ఆ తీర్పు ఒకసారి చదివితే బాగుండు, పుస్తకాల కంటే అదే ఊపిరి బిగబట్టి చదివిస్తుంది.

గోదావరి గట్టు:
తువ్వాలు దగ్గరే మా వాళ్ళు రెండు గంటలు కొట్టుకున్నారు గుమాస్తా గారూ. "ఇది దేశంలో చివరి జ్యూరీ విచారణ" అని కూడా ఒకరు ఘట్టిగా అన్నారు.

ప్లీడరు గుమాస్తా:
అది పుస్తకాల అట్టల మీద వేసుకునే మాట. ఆ తర్వాతా కొన్నిచోట్ల జ్యూరీలు నడిచాయి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చాకే పూర్తిగా ముగిసింది.

తాళపత్రం:
అయితే ఇప్పుడు నా మొగసాల మళ్ళీ తెస్తాను, ఏమనుకోకండి. ఆహుజా ఇంటి తలుపు తీసి కమాండర్ని లోపలికి పంపింది ఎవరు? ఇంట్లో పనివాడు. మొగసాలవాడు! వచ్చినవాడి చేతిలో కవరు ఉంది, కవరులో ఏముందో అడగలేదు. కవి దూరదృష్టి అదీ.

కందగర్భం:
మాస్టారూ, ఆ లెక్కన ఆహుజా కార్ల వ్యాపారి. మూడో పాదంలో అంగడివాడు. అతణ్ణి నమ్మింది కమాండరు. పద్యం మీ పక్షం ఎంతో నా పక్షమూ అంతే.

పోచంపల్లి:
మరి ఆ కమాండరు ఓడల ఏం చెప్పి రివాల్వరు తీసుకున్నడో అది కూడా చెప్పున్రి. రాత్రి ఒక్కణ్ణే కారు నడుపుకుంట అహ్మద్‌నగర్ పోవాలె, రక్షణకు కావాలె అన్నడు. ఇచ్చినోళ్ళు నమ్మి ఇచ్చిన్రు, ఆరు తూటాలతో సహా. నమ్మకూడని వాళ్ళ జాబితాల నేవీ ఆఫీసరు లేకపాయె.

ఎడమచేతి రాత:
ఆ అబద్ధానికి శుక్రాచార్యుడి దగ్గర అనుమతి ఉంది కదా. "వారిజాక్షులందు వైవాహికములందు ప్రాణ విత్త మాన భంగమందు". ఆడవాళ్ళ విషయం, పెళ్ళి విషయం, మానభంగం, మూడూ ఆ కమాండరుకి సరిపోయాయి. బొంకవచ్చు, అఘము పొందదు.

ప్లీడరు గుమాస్తా:
బొంకవచ్చు అన్నాడమ్మా, చంపవచ్చు అనలేదు. కోర్టు కూడా దాదాపు అంతే అంది.

తాళపత్రం:
పోతన పద్యం ఎత్తారు కాబట్టి ఇక ఆగలేను. ఆ వామనావతార ఘట్టంలో శుక్రుడు చెప్పేది లౌకికం, అన్నీ సబబైన మాటలే, ఏ ప్లీడరయినా అలాగే చెబుతాడు. వచ్చినవాడు విష్ణువని, మోసం చేయబోతున్నాడని తెలిశాక కూడా బలి "నిరయంబైన నిబంధమైన" అని ఎత్తుకుని "తిరుగన్ నేరదు నాదు జిహ్వ వినుమా ధీవర్య! వేయేటికిన్" అంటాడే, అక్కడ ఆ "వేయేటికిన్" ఉంది చూశారా, వెయ్యి మాటలెందుకయ్యా అని, అది చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. ద్రోహం గురించి రాసిన పుస్తకాలన్నీ మోసపోయినవాడు తెలియక మోసపోయాడనే చెబుతాయి. తెలిసి చెయ్యి చాచినవాడి కథ పోతనే రాయాలి. మూలంలో వ్యాసుడు చెప్పాడులే గానీ, ఆ గొంతు మాత్రం ఒంటిమిట్టది.

బళ్ళారి వాసి:
పోతనది ఒంటిమిట్టా, ఓరుగల్లా అని ఇంకో గొడవ మొదలవుతుంది మాస్టారూ, జాగ్రత్త.

పోచంపల్లి:
బమ్మెర మా దిక్కే. ఇంక మాట్లాడేది లేదు.

కందగర్భం:
పోతన వచ్చాడు కాబట్టి పనిలో పని. ఇందాకట్నుంచీ అందరూ రెండో పాదంలో రెండో మాట దగ్గరే ఉన్నారు గానీ, అసలు ఇబ్బంది "నటు"లో ఉంది. దీన్ని అందరూ వానిన్ + అటు అని విడగొట్టి "అలాగే వెలయాలిని" అని చెబుతారు. అలా అయితే యతి ఏమైంది? పాదం మొదట "న", యతి స్థానంలో ఉన్నది "అ". ద్రుతం, అంటే మాట చివరి "న్", మీద అచ్చు వచ్చినప్పుడు యతి అచ్చుకే చెల్లాలి. "ఇంతింతై వటుడింతయై మరియుఁ దా నింతై" దగ్గర చూడండి, కంటికి "నిం" కనిపిస్తుంది గానీ యతి తాన్ + ఇంతై లోని "ఇ"తోనే. కాబట్టి సుమతిలో అది "అటు" కాదు, నటుడు. "నటు, వెలయాలిన్", నటుణ్ణీ వెలయాలినీ నమ్మకు. న-కి న, యతి కుదిరింది, జాబితాలో ఒక మనిషి పెరిగాడు.

బళ్ళారి వాసి:
నాలుగో పాదం ఏం చేస్తారు? వామహస్తున్ + అవనిని. మళ్ళీ న-కి అ. అక్కడ నటుడు లేడు.

కందగర్భం:
నాలుగో పాదం ఎలాగూ బలహీనమే. "అవనిని" అన్నది పాదం నింపడానికి వాడిన మాట. ఎవరో తరవాత చేర్చి ఉండొచ్చు.

ఎడమచేతి రాత:
చేర్చి ఉంటే చాలా సంతోషం. వామహస్తుడు ప్రక్షిప్తం అని తీర్మానం రాసేయండి, నేను సంతకం పెడతాను. ఎడమచేత్తో.

బళ్ళారి వాసి:
నాలుగు పాదాల కందంలో ఒక పాదం ప్రక్షిప్తమైతే బద్దెన మూడు పాదాలు రాసి వదిలేశాడంటారా? రెండు చోట్లా ఒకే సడలింపు తీసుకున్నాడంటే అది ఆయన అలవాటు అనుకోవాలి గానీ, ఒకచోట నటుణ్ణి పుట్టించి ఇంకోచోట పాదమే కొట్టేస్తే ఎలా?

తాళపత్రం:
బద్దెనదే అని ఎవరు చెప్పారు? నీతిశాస్త్ర ముక్తావళి చేసిన బద్దెన, సుమతి చేసినాయన ఒకరేనని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు.

కందగర్భం:
మాస్టారూ, అది మొదలుపెడితే తెల్లారిపోతుంది.

తాళపత్రం:
తెల్లారనీ. నాకు నిద్ర ఎలాగూ రాదు.

గోదావరి గట్టు:
ఒక్కమాట. చెలికాని సంగతి ఏమైంది? మా పెద్దాయన రేపు అడుగుతారు. "స్నేహితుణ్ణి నమ్మకు" అని ఏదో పద్యంలో ఉందని ఆయన పట్టు. పుస్తకం చదివినప్పటినుంచీ ఆయనకి ఆహుజా గుర్తొచ్చినప్పుడల్లా కోపం. నేనేమో, సిల్వియా కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పడం గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరని అడిగితే, ఆయన మళ్ళీ ఈ పద్యం దగ్గరికే వచ్చారు.

ప్లీడరు గుమాస్తా:
1964లో నానావతికి క్షమాభిక్ష ఇచ్చింది గవర్నరు విజయలక్ష్మీ పండిట్ అని చెప్పండి, దానికి ఆహుజా సోదరి అడ్డు చెప్పలేదని కూడా చెప్పండి. ఆ తర్వాత భార్యాభర్తలు పిల్లలతో కెనడా వెళ్ళిపోయారు. మీ పెద్దాయన కోపం కొంచెం తగ్గొచ్చు.

బళ్ళారి వాసి:
లేదా పెరగొచ్చు.

కందగర్భం:
చెలికాడు సుమతిలో వేరే చోట ఉన్నాడేమో వెతుకుతాను. ముందు ఎవరి దగ్గరైనా ఈ పద్యం పాత అచ్చు ఉంటే రెండో పాదం ఫొటో పెట్టండి, మ మీద ఒత్వం ఉందో లేదో కనపడేలా. లేదంటే మాస్టారు నన్ను బతకనివ్వరు.

తాళపత్రం:
నా దగ్గర ఒకటి ఉంది. అటక మీద. మనవడు ఆదివారం వస్తాడు, దింపిస్తాను. ఒత్వం ఉంటుంది, చూడండి.

పోచంపల్లి:
ఒత్వం లేకుంటే?

తాళపత్రం:
అచ్చుతప్పు.