ఎక్సెల్‌లో ఫార్ములాలున్న సెల్‌లను ఇతరులు మార్చకుండా కాపాడడం ఎలా?

ప్రశ్న (పాలలెక్క):
అందరికీ నమస్కారం. మా పరిధిలోని 12 పాల సేకరణ కేంద్రాలకు ఒకే నమూనాలో ఎక్సెల్ ఫైలు తయారుచేసి ఇచ్చాను. రైతు పేరుకు ఎదురుగా ఆ పూట పోసిన లీటర్లు, వెన్న శాతం మాత్రమే కేంద్రం నిర్వాహకులు నింపాలి. ధర వేరే షీటులోని పట్టిక నుంచి వీలుకప్ (VLOOKUP, పట్టికలో వెతికి విలువను తెచ్చే ఫార్ములా) ద్వారా వస్తుంది, సొమ్ము దానంతటదే లెక్క తేలుతుంది. ఒక కేంద్రంలో 9.8 లీటర్లకు 42 రూపాయల చొప్పున 411.60 అని వచ్చిన సొమ్మును, చిల్లర ఎందుకని 412 అని టైపు చేశారు. దాంతో ఆ సెల్‌లోని ఫార్ములా పోయింది. రోజూ ముందురోజు షీటునే కాపీ చేసి లీటర్లు మార్చుకుంటారు కనుక, ఆ రైతు ఎన్ని లీటర్లు పోసినా తొమ్మిది రోజులపాటు 412 రూపాయలే పడ్డాయి. ఆయన వచ్చి అడిగేదాకా ఎవరమూ గమనించలేదు.

సొమ్ము సెల్‌లను లాక్ చేద్దామని ఫార్మాట్ సెల్స్ తెరిస్తే, లాక్డ్ దగ్గర అప్పటికే టిక్కు ఉంది. అయినా టైపు చేస్తే మారిపోతున్నది. ప్రొటెక్ట్ షీట్ నొక్కితే లీటర్ల సెల్‌లు కూడా మూసుకుపోతున్నాయి. దారి చెప్పగలరు.

జవాబు 1 (గడులమాస్టారు):
ఎక్సెల్‌లో ప్రతి సెల్‌కూ లాక్డ్ గుర్తు మొదటినుంచే ఉంటుందండి, కానీ షీటును ప్రొటెక్ట్ చేసేవరకు దానికి ఏ ప్రభావమూ ఉండదు. అందువల్ల మీరు చేయవలసింది ఫార్ములాలను లాక్ చేయడం కాదు, నింపవలసిన సెల్‌లకు లాక్ తీసివేయడం. లీటర్లు, వెన్న శాతం సెల్‌లను ఎంచుకుని, కంట్రోల్‌తో పాటు 1 నొక్కి, ప్రొటెక్షన్ అనే ట్యాబులో లాక్డ్ టిక్కు తీసివేయండి. తరువాత రివ్యూలోని ప్రొటెక్ట్ షీట్‌కు వెళ్ళి పాస్‌వర్డ్ ఇవ్వండి. అక్కడే సెలెక్ట్ లాక్డ్ సెల్స్ అన్న టిక్కు కూడా తీసేస్తే కర్సర్ ఇక ఫార్ములా సెల్‌లపైకి పోనే పోదు. ట్యాబ్ మీట నొక్కుతూ పోతే నింపవలసిన సెల్‌ల మీదనే ఆగుతుంది. నిర్వాహకులకు పని తేలికవుతుంది కాబట్టి రక్షణను తిట్టుకోరు.

ఏ సెల్‌లో ఫార్ములా ఉందో కంటితో వెతకనక్కరలేదు. ఎఫ్5 నొక్కితే వచ్చే గో టు పెట్టెలో స్పెషల్ నొక్కి, ఫార్ములాస్ ఎంచుకుంటే అన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. 412 లాంటి అంకె ఫార్ములా స్థానంలో కూర్చుని ఉంటే, ఆ సెల్ మాత్రం ఎంపిక కాకుండా మిగిలి బయటపడుతుంది. పాత ఫైళ్ళను ఒకసారి ఇలా పరీక్షించండి, ఇంకెందరు రైతుల లెక్క ఆగిపోయిందో తెలుస్తుంది.

ధరల పట్టిక షీటును మొత్తంగా ప్రొటెక్ట్ చేయండి. ఎవరూ ఆ షీటును తీసివేయకుండా ప్రొటెక్ట్ వర్క్‌బుక్ కూడా పెట్టవచ్చు గానీ, అప్పుడు షీటును కాపీ చేయడం కుదరదు. కనుక ఇకనుంచి షీటుకు బదులు ఖాళీ నమూనా ఫైలునే రోజూ కాపీ చేసుకోమనడం మేలు.

జవాబు 2 (తాళంచెవి):
పై సలహా సరైనదే, ఒక్క మాట మాత్రం కలుపుతాను. షీట్ ప్రొటెక్షన్ చేయి జారకుండా ఆపుతుంది, కావాలని మార్చేవారిని ఆపలేదు. ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాన్ని విప్పి, షీటు రక్షణను తెలిపే చిన్న భాగాన్ని చెరిపివేస్తే పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటుంది. మనుషుల మీదనే అనుమానం ఉంటే గూగుల్ షీట్స్‌కు మారండి. అక్కడ డేటా మెనూలోని ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్ ద్వారా ఏ ఖాతా వారు ఏ సెల్‌లు మార్చవచ్చో నిర్ణయించవచ్చు, ఎవరు ఎప్పుడు మార్చారో వెర్షన్ హిస్టరీలో కనబడుతుంది. అయితే కేంద్రాలన్నింటిలో నెట్ నిలకడగా ఉండాలి.

ఇంకొకటి, నిర్వాహకుడు అంకె మార్చింది చిల్లర బాధ తప్పించుకోవడానికే. ఆ బాధ ఉన్నంతకాలం ఏదో ఒక అడ్డదారి వెతుకుతారు. రైతులు ఒప్పుకుంటే ఫార్ములాలోనే రౌండ్ పెట్టి పూర్తి రూపాయలకు తేల్చండి.

పాలలెక్క:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రౌండ్ పెట్టాను, రైతులు కూడా సరేనన్నారు. గో టు స్పెషల్‌తో చూస్తే మరో రెండుచోట్ల ఫార్ములాలు పోయినట్టు తేలింది, తేడా సొమ్ము ఈ వారం బిల్లులో కలిపాము. కానీ ఒక కేంద్రంలో కొత్త చిక్కు వచ్చింది: వెన్న యంత్రం ఇచ్చే ఫైలును ఎక్సెల్‌లో తెరిచి అందులోని శాతాలను తెచ్చి అతికించాక, ఆ సెల్‌లు వాటంతటవే లాక్ అయిపోయాయి.

జవాబు 3 (గడులమాస్టారు):
మామూలుగా పేస్ట్ చేస్తే అంకెతోపాటు పాత సెల్‌కున్న లాక్డ్ గుర్తు కూడా వచ్చి చేరుతుంది. ఇప్పటికి షీటును అన్‌ప్రొటెక్ట్ చేసి, ఆ సెల్‌లకు లాక్ తీసి, మళ్ళీ ప్రొటెక్ట్ చేయండి. ఇకమీదట పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ మాత్రమే ఎంచుకోమని చెప్పండి. డేటా వాలిడేషన్ ద్వారా వెన్న శాతానికి 2 నుంచి 12 వరకు హద్దు పెడితే 6.5కు బదులు 65 అని టైపు చేసినప్పుడు ఆపుతుంది గానీ, అతికించిన అంకెలను అది పరీక్షించదు. అందువల్ల ఆ కేంద్రం ఫైలు మీ దగ్గరికి వచ్చాక రక్షణ తీసి, డేటా మెనూలో సర్కిల్ ఇన్వాలిడ్ డేటా నొక్కి చూడండి. హద్దు దాటినవాటి చుట్టూ ఎర్రగా సున్నాలు చుట్టి చూపిస్తుంది.