ఫలం ఆశించకుండా చదవమంటే ఎలా? ఫలం కోసమే కదా చదివేది!

అశోక్‌నగర్_మూడోసారి:
అందరికీ నమస్తే. గ్రూప్-2కి ఇది నా మూడో ప్రయత్నం. అశోక్‌నగర్‌లో రూమ్, పొద్దున్నే లేచి చిక్కడపల్లి లైబ్రరీకి పరుగెత్తి సీటు పట్టుకోవడం, రాత్రి మెస్‌లో తిని పడుకోవడం, ఇదీ జీవితం. మొన్న ఊరికి వెళ్తే మా పెదనాన్న "కర్మ చేయడమే నీ వంతురా, ఫలం గురించి ఆలోచించకు" అన్నాడు. నిజం చెప్తున్నా, ఒళ్లు మండింది. ఉద్యోగం అక్కర్లేనివాణ్నయితే ఇక్కడ ఇరుకు రూమ్‌లో ఎందుకు పడి ఉంటాను?

అసలు బాధ ఇంకొకటి. పాలిటీ పుస్తకం తీస్తాను, నాలుగు పేజీలు బాగానే పోతాయి, ఐదో పేజీకి మనసు కటాఫ్ మీదికి, అదే ఉద్యోగం రావాలంటే ఎన్ని మార్కులు కావాలో ఆ లెక్క మీదికి వెళ్లిపోతుంది. నా పుస్తకం అంచుల నిండా పెన్సిల్ లెక్కలే. పేపర్‌కి 95 వస్తే నాలుగూ కలిపి 380, 100 వస్తే 400, ఎకానమీలో దెబ్బ తింటే ఎంత తగ్గుతుంది... ప్రాథమిక హక్కుల చాప్టర్ పక్కన ఉన్నవన్నీ ఇవే. గీత చదివినవాళ్లు ఎవరైనా ఉంటే సూటిగా చెప్పండి. ఫలం కోరకుండా పని చేయడం మనిషికి సాధ్యమేనా? ఈ మనసు ఒకచోట నిలబడటానికి, దానికీ ఏమైనా సంబంధం ఉందా?

నల్లకుంట_పంతులు:
బాబూ, మీ పెదనాన్న చెప్పింది సగం శ్లోకం. తప్పు ఆయనది కాదులే, అందరూ అంతే, రెండో అధ్యాయం 47వ శ్లోకంలో మొదటి రెండు పాదాలు చెప్పి ఆపేస్తారు. మూడోది "మా కర్మఫలహేతుర్భూః", అంటే ఫలానికి కారణం నేనే అనుకోకు అని. నాలుగోది "మా తే సంగోఽస్త్వకర్మణి", అలాగని పని మానుకోవడం మీద మోజు పెంచుకోకు అని. ఈ నాలుగోది వదిలేస్తే శ్లోకం బద్ధకస్తులకు చుట్టమైపోతుంది.

ఇంకో సంగతి చూడు. దీనికి సరిగ్గా పది శ్లోకాల ముందు, 37లో, "గెలిస్తే భూమిని అనుభవిస్తావు" అని కృష్ణుడే అర్జునుడికి చెప్పాడు. గెలవాలనుకోవడమే తప్పయితే ఆ మాట ఎందుకంటాడు? కాబట్టి ఉద్యోగం కావాలనుకోవడం దగ్గర పేచీ లేదు. ఫలం పూర్తిగా నీ చేతిలో ఉందనుకోవడం దగ్గర ఉంది. పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు లెక్కపెట్టారు. అధిష్ఠానం అంటే శరీరం, కర్త అంటే చేసేవాడు, కరణాలు అంటే ఇంద్రియాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. కర్త అందులో ఒకడు. ప్రశ్నపత్రం తయారు చేసేవాడు, పక్క బెంచీలో రాసేవాడు, ఖాళీల సంఖ్య, వీటి మీద నీకు ఏ అధికారమూ లేదు. నీ పెన్సిల్ లెక్కలన్నీ వాటి గురించే.

ఇక మనసు నిలబడటానికీ దీనికీ నువ్వడిగిన సంబంధానికి మళ్లీ రెండో అధ్యాయంలోనే 41వ శ్లోకం చూడు. "వ్యవసాయాత్మికా బుద్ధిరేకేహ కురునందన." వ్యవసాయం అంటే ఇక్కడ సేద్యం కాదు, నిశ్చయం. నిశ్చయం ఉన్నవాడి బుద్ధి ఒకటే, లేనివాడి బుద్ధికి కొమ్మలు లెక్కలేనన్ని. నిష్కామం వేరే, ఏకాగ్రత వేరే కాదంటాను నేను. కటాఫ్ కొమ్మ మీద కూర్చున్న మనసు అదే నిమిషంలో రాజ్యాంగం మీద కూర్చోలేదు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
పంతులు గారూ, ఏమీ అనుకోవద్దు, నాకీ శ్లోకం వింటేనే చిరాకు. ఓసారి జీతాల హైక్ మీటింగ్‌లో, సంవత్సరమంతా శనివారాలు కూడా పని చేయించుకుని, మా మేనేజర్ నవ్వుతూ ఇదే శ్లోకం చదివాడు. ఆయన బోనస్ మాత్రం ఆయన తీసుకున్నాడు. ఈ నిష్కామం ఎప్పుడూ కిందివాడికే ఎందుకు చెప్తారండీ?

నల్లకుంట_పంతులు:
అనుకోవడానికేముంది, మీ కోపం సబబే. కానీ గీత చెప్పినవాడు ఎక్కడున్నాడో చూడండి. పైన కూర్చుని జీతాలు పంచుతూ చెప్పలేదు, అర్జునుడికి సారథిగా, అదే రథం మీద, అవే బాణాల మధ్య పగ్గాలు పట్టుకుని చెప్పాడు. ఎదుటివాడి కూలి ఎగ్గొట్టడానికి వాడితే అది గీత కాదు, గడుసుతనం. న్యాయంగా రావలసింది అడగడం కూడా మీ కర్మలోకే వస్తుంది. అడగండి, గట్టిగా అడగండి. ఇస్తాడా లేదా అని రాత్రంతా దొర్లడమే వద్దన్నది.

మలక్‌పేట_మగ్గం:
తమ్ముడూ, నేను పదేళ్లుగా బ్లౌజ్‌లకు మగ్గం వర్క్ చేస్తున్నా. గుడ్డను చట్రానికి బిగించి కడతాం, ఎడమచెయ్యి కింద దారం పట్టుకుంటుంది, కుడిచేతిలో సూది పైనుంచి దిగి ఆ దారాన్ని కొక్కెంతో లాగి పైకి తెస్తుంది. కింది చెయ్యి మనకు కనపడదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఈ బ్లౌజ్‌కి ఎంత ఇస్తారో, లేటయితే ఏమంటారో అని మనసు పోయిందా, కింద దారం వదులవుతుంది, పైన కుట్టు ఒకటి పెద్దది ఒకటి చిన్నది పడుతుంది. విప్పి మళ్లీ కుట్టాలి. అందుకే డబ్బు మాట పని ఒప్పుకునేటప్పుడే తేల్చేసుకుంటా, అడ్వాన్స్ కూడా తీసుకుంటా, చట్రం ముందు కూర్చున్నాక మళ్లీ ఆ మాట తలవను. మా అమ్మ భారతంలో కౌశికుడి కథ చెప్పేది. చూపుతో కొంగను కాల్చేసిన ఆ ముని భిక్షకు వచ్చి, మొగుడికి వడ్డిస్తూ ఆలస్యం చేసిందని ఒక ఇల్లాలి మీద కళ్లెర్రజేస్తే, "నేను కొంగను కానయ్యా" అంటుంది. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్లమని ఆ తల్లే పంపిస్తుంది. మొగుడికి వడ్డించడం దగ్గర నాకు పేచీ ఉంది, అది వేరే సంగతి 😄 కానీ తపస్సు చేసినవాడి కంటే చేతిలో పని మీద మనసున్న ఆమెకే ఎక్కువ తెలిసింది, అది నాకు నచ్చుతుంది.

అశోక్‌నగర్_మూడోసారి:
అక్కా, డబ్బు మాట ముందే తేల్చుకోవడం అన్నారు చూడండి, అది బాగా పట్టింది. కానీ రోజూ వందసార్లు మనసు పోతుంది, అప్పుడేం చేయాలి?

నల్లకుంట_పంతులు:
అర్జునుడూ ఆరో అధ్యాయంలో ఇదే మొర పెట్టుకున్నాడు, మనసును పట్టడం గాలిని పట్టినట్టుంది అని. కృష్ణుడు కాదనలేదు, నిజమే, కష్టమే, కానీ అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుంది అన్నాడు. పతంజలి యోగసూత్రాల్లోనూ ఈ జంటే కనిపిస్తుంది. గీతలో అంతకుముందే, అదే ఆరో అధ్యాయం 26వ శ్లోకంలో, మనసు ఎటు ఎటు పోతే అటు నుంచి తెచ్చుకోమన్నాడు కృష్ణుడు. పోతుందని తెలిసే చెప్పాడు కదా! వందసార్లు పోతే వందసార్లు తీసుకురా, పోయినందుకు నిన్ను నువ్వు తిట్టుకుంటూ ఇంకో పావుగంట పోగొట్టుకోకు. మితంగా తిను, వేళకు పడుకో, అదీ ఆ అధ్యాయంలోనే ఉంది.

అశోక్‌నగర్_మూడోసారి:
వారం తర్వాత వచ్చా. కటాఫ్ లెక్కలకు ఆదివారం సాయంత్రం అరగంట కేటాయించా, మిగతా రోజుల్లో గుర్తొస్తే చిన్న కాగితం మీద గీత గీసి మళ్లీ పుస్తకంలోకి వస్తున్నా. మొదటి రోజు 41 గీతలు, నిన్న 23. నిన్న మధ్యాహ్నం రాష్ట్రపతి అధికారాలు చదువుతూ గంటన్నర ఎలా పోయిందో తెలియలేదు. అంతలో పక్క సీటు తమ్ముడు భుజం తట్టి, "అన్నా, ఈసారి కటాఫ్ ఎంతుంటదంటవ్?" అన్నాడు. అది 24వ గీత కింద వేయాలా వద్దా చెప్పండి.