అప్‌డేట్: ఖాళీ ఇంట్లోకి దూరి ఏమీ తీసుకోకపోతే అది బర్గ్లరీనా?

ముందు జవాబిచ్చిన అందరికీ థాంక్స్. నా ప్రశ్న ఇదీ: టెక్సస్‌లో ఒకడు దొంగతనం చేద్దామని ఖాళీ ఇంట్లోకి దూరాడు, అలికిడికి భయపడి ఉత్త చేతులతో పారిపోయాడు. ఏ నేరం కింద కేసు పెడతారు?

మీరు చెప్పినట్టే టెక్సస్ పీనల్ కోడ్ 30.02 సెక్షన్ చదివాను. బర్గ్లరీయే. వస్తువు పోవాల్సిన పని లేదు. అనుమతి లేకుండా, దొంగతనమో దాడో ఏదైనా ఫెలనీయో (అంటే పెద్ద నేరమో) చేయాలన్న ఉద్దేశంతో లోపల అడుగు పెడితే చాలు, నేరం అక్కడికే పూర్తయిపోతుంది. పాత ఇంగ్లిష్ కామన్ లాలో (కోర్టు తీర్పుల ద్వారా ఏర్పడిన చట్టంలో) అయితే రాత్రి పూటే జరగాలి, తలుపో కిటికీయో తెరుచుకుని దూరాలి. ఇక్కడ ఆ రెండు షరతులూ లేవు.

అసలు చిక్కంతా ఉద్దేశం దగ్గరే. మనసులో ఏముందో ఎవరికి తెలుస్తుంది? అందుకే చేతిలో పనిముట్లు, లాగేసిన సొరుగులు, పారిపోయిన తీరు లాంటివి చూసి జ్యూరీ (కేసు విని తేల్చే మామూలు పౌరుల బృందం) నిర్ణయిస్తుంది. ఆ ఉద్దేశం రుజువు కాకపోతే మామూలుగా మిగిలేది 30.05 సెక్షన్ కింద క్రిమినల్ ట్రెస్‌పాస్, అంటే అనుమతి లేకుండా చొరబడటం. ఇంట్లోకి దూరితే అది క్లాస్ ఎ మిస్‌డిమీనర్ (ఫెలనీ కన్నా చిన్న నేరం), గరిష్ఠంగా 1 ఏడాది జైలు. అదే ఇంటి బర్గ్లరీ అయితే సెకండ్ డిగ్రీ ఫెలనీ, 2 నుంచి 20 ఏళ్లు! ఇంత తేడా ఒక్క ఉద్దేశం మీద ఆధారపడటం నన్ను బాగా కదిలించింది.

రాబరీ (దోపిడీ) సంగతి ఒకరు అడిగారు. దానికి ఎదురుగా మనిషి ఉండాలి, గాయమో బెదిరింపో జరగాలి. ఇందులో అది లేదు. వేరే రాష్ట్రాల్లో నిర్వచనాలు మారతాయి కాబట్టి, ఇదంతా టెక్సస్ వరకే.